తెల్ల చొక్కా దూత

ఆదివారం ఆరాధనలో రొట్టె పళ్ళెం మా రాహేలు దగ్గరికి వచ్చింది. రాహేలు దాన్ని ముట్టుకోకుండా పక్కావిడకు అందించేసింది. వరసగా ఇది మూడో నెల.

మా సంఘంలో రొట్టె పళ్ళెం దాటించడమంటే మాటలు కాదు. దాటించిన మరుక్షణం మాత్రం మొదలయ్యేవి మాటలే. ఎవరితోనైనా పడకపోతే ముందు వాళ్ళతో సమాధానపడి, ఆ తర్వాతే రొట్టె తీసుకోవాలన్నది నియమం. తీసుకోలేదంటే ఎవరితోనో పడలేదన్నమాట. ఎవరితో అన్నది తేల్చుకోవడానికి ఆడవాళ్ళ వైపు తెల్ల ముసుగులన్నీ ఒక్కసారి కదిలాయి. ముసుగులో గుద్దులాట మా దగ్గర నిషేధం. ముసుగులో గుసగుసకు నిషేధం లేదు.

మధ్యాహ్నం రాహేలు వాళ్ళింట్లోనే భోజనం. నేను ఆమె అన్నని, బేబికుట్టిని. యాభై రెండేళ్ళ బేబీని. ఊళ్ళో మైకు సెట్టు నాది. మైకం దిగినవాళ్ళ సాక్ష్యాలకు మైకు పెట్టడం నా పని. మైకం ఎక్కినవాళ్ళకు మైకు అక్కర్లేదు, వాళ్ళ గొంతే చాలు.

"మూడోసారి," అన్నాడు మా బావ తంకచ్చన్, అన్నం కలపకుండానే.

రాహేలు చేపల కూర గిన్నె నా వైపు జరిపింది.

"పాస్టర్ పక్కకి పిలిచి అడిగారు. నీ భార్యకి ఎవరితో పడలేదు తంకచ్చా అని. నేనేం చెప్పను? ఎవరితోనో చెప్పు. నేనే వెళ్ళి వాళ్ళ కాళ్ళు పట్టుకుంటాను."

"వేసుకో అన్నయ్యా. చల్లారితే నీచు వాసనొస్తుంది."

"నిన్నే రాహేలూ!"

"వినబడుతోంది ఇచ్చాయా. పక్కన కూర్చున్నది మైకువాడే గానీ నాకు చెవుడు లేదు," అంది రాహేలు. మా వైపు ఇచ్చాయా అంటే మొగుణ్ణి మర్యాదగా పిలిచే పిలుపు.

"ఈ ఇంట్లో చేపకంటే మాటకే ముళ్ళెక్కువ," అన్నాను నేను. ఎవరూ నవ్వలేదు. నా హాస్యానికి ఈ ఇంట్లో ఎప్పుడూ ఉపవాసమే.

తంకచ్చన్ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "శనివారం కన్వెన్షన్. నది ఇసుకలో పందిరి వేసేశారు. పదివేలమంది ముందు నా సాక్ష్యం. ఇల్లు చక్కగా లేనివాడు వేదిక ఎక్కకూడదని నియమం. నువ్వు రొట్టె తీసుకోకపోతే నేను మైకు ముట్టుకోకూడదు. తెలుసా?"

"తెలుసు."

"తెలిసే చేస్తున్నావా?"

రాహేలు నా కంచంలో ఇంకో చేప ముక్క వేసింది. బయట వసారాలో ఆమె కుట్టు మిషను మీద ఏదో తెల్లబట్ట గాలికి లేచి పడుతోంది.

"శుక్రవారం ఉపవాస ప్రార్థన మనింట్లోనే పెట్టుకుంటున్నాం," అన్నాడు తంకచ్చన్ గొంతు తగ్గించి. "పాస్టర్ వస్తారు. నీకు ఎవరితో పడలేదో వాళ్ళని పిలుద్దాం. అందరి ముందూ సమాధానపడు. పేరు చెప్పు చాలు."

"కుంజేలి అమ్మచ్చిని పిలవండి."

"ఆ ముసలమ్మతోనా? ఆవిడతో నీకేం గొడవ?"

"ఆవిడతో కాదు. నాకు పడనిది మీ సాక్ష్యంతో."

తంకచ్చన్ లేచాడు. చెయ్యి కడుక్కోకుండానే బయటికి నడిచాడు.

ఆ సాక్ష్యం నేను నిద్రలో కూడా చెప్పగలను. పదకొండేళ్ళుగా వింటున్నాను. ఎక్కడ ఆయన గొంతు వణుకుతుందో అక్కడ నేను శబ్దం కాస్త పెంచుతాను. వానాకాలం ఆదివారం, పొద్దున పది. మణిమల నది కట్టలు తెంచుకుంటోంది. కల్లు దుకాణం నుంచి తూలుకుంటూ వస్తున్న తంకచ్చన్ కొబ్బరిమొద్దుల వంతెన మీదినుంచి నీళ్ళలో పడ్డాడు. మూడుసార్లు మునిగాడు. మూడోసారి తెల్ల చొక్కా తొడిగిన చెయ్యి ఒకటి ఆయన జుట్టు పట్టుకుని పైకి లాగింది. పేరు పెట్టి పిలిచింది. కూలిన చెట్టు కొమ్మ మీదికి నెట్టింది. కళ్ళు తెరిస్తే ఎవరూ లేరు. మర్నాడు తంకచ్చన్ సీసా తీసుకెళ్ళి అరటిచెట్టు మొదట్లో వంచేశాడు. మళ్ళీ ముట్టుకోలేదు.

ఇంతవరకు మొదటి నుంచీ ఉన్నదే. తోక తర్వాత మొలిచింది. "అదే రోజు, అవే నీళ్ళు. నాతో తాగే ఇట్టూప్ కూడా ఆ నదిలోనే ఉన్నాడు. నన్ను దేవుడు తీసుకున్నాడు. వాణ్ణి నది తీసుకుంది." ఇక్కడ పందిరి లేచిపోయేటట్టు హల్లెలూయా.

ఇట్టూప్ కన్నతల్లి కుంజేలి అమ్మచ్చి ప్రతిసారీ మూడో వరసలో చాప మీద కూర్చుని ఉంటుంది. ఆమె కూడా "స్తోత్రం" అంటుంది.

*

బుధవారం స్పీకరు తీగ కొలవడానికి వెళ్ళాను. నిజానికి కొలవాల్సింది మా చెల్లెలి మనసు లోతు. దానికి నా దగ్గర టేపు లేదు. టేపు ఆమె మెడలోనే ఉంది. మా ఆడవాళ్ళు నగలు పెట్టుకోరు, రాహేలు మెడకు ఉన్నదల్లా ఆ కొలత టేపే. సంఘంలో సగం తెల్ల చొక్కాలు ఆమె చేతి మీదుగా వచ్చినవే.

సూది కింద ఒక తెల్ల రవిక ఉంది, పాతకాలం ముసలమ్మలు వేసుకునే వదులు రవిక.

"ఎవరిది?"

"కుంజేలి అమ్మచ్చిది. పోయేటప్పుడు వేసుకునేది."

"ఇంకా కుడుతూనే ఉన్నావా? గుడ్డ ఇచ్చి మూడు నెలలైందిగా! ఆవిడ పోవడానికి తొందరపడటం లేదు, నువ్వు కుట్టడానికి తొందరపడటం లేదు. బాగుంది ఒప్పందం."

రాహేలు నవ్వలేదు. మిషను చక్రం మీద చెయ్యి పెట్టింది గానీ తిప్పలేదు.

"కొలతలిస్తూ ఒక మాటంది అన్నయ్యా. 'నన్ను విశ్వాసుల వరసలో పూడ్చొద్దని పాస్టర్‌కి చెప్పేశాను మోళే, నా తల్లీ. కంచె పక్కన, నా కొడుకు దగ్గర పెట్టమన్నాను. వాడు ఎలాగూ పరలోకంలో లేడు. ఒక్కడే ఉంటే భయపడతాడు. చిన్నప్పటినుంచీ వాడికి చీకటంటే భయం' అంది. అని నవ్వింది. పళ్ళు లేవు కదా, గాలి మాత్రమే వచ్చింది."

నాకు ఏదో చమత్కారం నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ఇట్టూప్‌ని తాగుడు మానలేదని సంఘం నుంచి వెలివేశారు. శవం మూడోరోజు దొరికింది, ఒంటి మీద కొత్త తెల్ల చొక్కాతో. సంఘం బయటివాడికి తెల్ల చొక్కా ఎక్కడిదని అందరూ అడిగారు. ఎవరి దండెం మీదనుంచో ఎత్తుకొచ్చుంటాడని అందరూ అనుకున్నారు. అందుకని పాట లేకుండా, సాక్ష్యం లేకుండా, కంచె పక్కన పూడ్చారు.

రాహేలు లేచి లోపలికి వెళ్ళి పాత బిస్కెట్ డబ్బా తెచ్చింది. గుండీలు, దారపు ఉండలు, సూదులు. అన్నిటి కింద ఒక చిన్న తెల్ల ముక్క. చొక్కా చేతి పట్టీ. ఒక వైపు పీకేసినట్టు చిరిగి, పోగులు వేలాడుతున్నాయి.

"ఆరోజు ఇచ్చాయన్ని తీసుకొచ్చి ఇక్కడే పడుకోబెట్టారు. స్పృహ లేదు. కుడి పిడికిలి బిగుసుకుపోయింది. నేనే ఒక్కొక్క వేలూ విప్పాను. ఇది ఉంది."

"ఎవరి చొక్కాదో..."

"నేను కుట్టిందే. తెల్ల గుండీలు అయిపోతే లోపలి వైపు నీలం గుండీ వేశాను. చూడు."

చూశాను. నీలం గుండీ చిన్న కన్నులా నన్నే చూస్తోంది.

"ఎవరికి కుట్టావు?"

"ఇట్టూప్‌కి."

మా ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒక శబ్దం ఉంటుంది. నేను పుట్టాక మరీను. ఆ పూట మాత్రం నేను ఆ నీలం గుండీని వేలితో తిప్పుతూ కూర్చున్నాను.

"తాగడం మానేసి ఇరవై రోజులైంది వాడికి. ఎవరికీ చెప్పొద్దన్నాడు. 'ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని వెళ్ళి మా అమ్మచ్చికి కనబడేటట్టు కూర్చుంటాను చేచ్చీ, ఆవిడ మొహం చూడాలి' అన్నాడు, సొంత అక్కతో చెప్పినట్టు. ఆ ఆదివారమే అన్నయ్యా. ఇచ్చాయన్ తాగి నది దాటుతున్నాడు. వాడు మానేసి నది దాటుతున్నాడు."

"మరి దూత..."

"తెల్ల చొక్కా కనబడింది, దూత అనుకున్నాడు. మనలో తెల్ల చొక్కా లేనివాడెవడు? ఆదివారం పది గంటలకి ఆ దారినిండా దూతలే నడుస్తుంటారు."

"పదకొండేళ్ళు ఎలా దాచావే?"

"మర్నాడు లేచి సీసా తనంతట తానే వంచేశాడు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి మొదటిసారి నా వైపు నిదానంగా చూశాడు. మిమ్మల్ని లాగింది దూత కాదు ఇచ్చాయా, మీ స్నేహితుడు, మీ కోసం చచ్చిపోయాడు అని చెప్పనా? చెబితే ఆ బరువు దించుకోడానికి మళ్ళీ ఎక్కడికి వెళ్ళేవాడు? ఆ కల్లు దుకాణానికే కదా. ఆ చొక్కా దొంగిలించాడని ఊరంతా అంది. నేను కుట్టిచ్చానని ఒక్క మాట అంటే చాలు. అనలేదు. నా మొగుణ్ణి కాపాడుకోడానికి ఆవిడ కొడుకుని దొంగని చేశాను. ఇంక ఆ రొట్టె ఏ చేత్తో తీసుకోను?"

"ఇప్పుడేం చేస్తావు?"

ఆమె రవికను మళ్ళీ సూది కిందికి జరిపింది. మూడు నెలలుగా ఆ రవిక మీద కదలని చక్రం తిరిగింది.

"కుట్టేస్తాను," అంది.

*

శుక్రవారం పదింటికల్లా వసారా నిండిపోయింది. ఉపవాస ప్రార్థనే గానీ, అయ్యాక తినడానికి పొయ్యి మీద గంజి, పెసలు ఉడుకుతున్నాయి. మా ఉపవాసానికి పెసల వాసనను మించిన శోధన లేదు. కన్వెన్షన్ వారం కనుక దారినపోయేవాళ్ళకు కూడా వినబడాలని పాస్టర్ చెరియాన్ ఆజ్ఞ. గేటు పక్క స్తంభానికి ఒక గొట్టం స్పీకరు కట్టి, మొహం రోడ్డు వైపు తిప్పాను. రోడ్డుకు అవతల నది. ఇప్పుడు మోకాలి లోతు కూడా లేదు, ఆవులు నడిచి దాటుతున్నాయి.

కుంజేలి అమ్మచ్చిని ఇద్దరు పట్టుకుని తెచ్చారు. కళ్ళకు శుక్లాలు, మనుషుల్ని గొంతుతోనే పోలుస్తుంది.

"మైకువాడు వచ్చాడా?" అంది కూర్చుంటూ.

"వచ్చాను అమ్మచ్చీ. నా గొంతు లేని సమయంలో కూడా గుర్తు చేసుకున్నందుకు స్తోత్రం."

"నీ గొంతు లేని సమయమా! అది నేను పోయాకే చూడాలి మోనే, నాయనా."

అందరూ నవ్వారు. రాహేలు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. చేతిలో మడతపెట్టిన తెల్లబట్ట. తంకచ్చన్ ఆమె వైపు చూడలేదు.

పాస్టర్ ప్రార్థన చేసి ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టారు. తంకచ్చన్ దగ్గరికి వచ్చేసరికి ఆయన తల పక్కకి లాక్కున్నాడు. అది ఆయనకు పాత అలవాటు. మంగలిని కూడా తల ముట్టుకోనివ్వడు. జుట్టు తనే అద్దంలో చూసుకుని కత్తిరించుకుంటాడు. మా బావ తల ఎలుకలు కొరికిన పుస్తకంలా ఉంటుందని పదేళ్ళుగా హాస్యమాడుతున్నాను. ఆ పూట మాత్రం, ఆ తల పక్కకి తప్పుకుంటుంటే, నాకు ఆ జుట్టు పట్టి లాగిన చెయ్యి గుర్తొచ్చింది.

"రాహేలమ్మా," అన్నారు పాస్టర్. "దేవుని పిల్లల మధ్య దాపరికం ఉండకూడదు. నీకు ఎవరితో సమాధానం కావాలి?"

"ముందు ఆయన సాక్ష్యం చెప్పనివ్వండి పాస్టర్. తర్వాత నేను లేస్తాను."

తంకచ్చన్ మైకు అందుకున్నాడు. వాన. వంతెన. మూడు మునకలు. గొట్టంలోంచి ఆయన గొంతు రోడ్డు దాటి నది మీదికి వెళ్ళి, ఎదుటి గట్టుకు తగిలి, ఒక క్షణం ఆలస్యంగా తిరిగి వస్తోంది. అవతల కూడా ఎవరో ఇదే సాక్ష్యం చెబుతున్నట్టు ఉంది. తెల్ల చొక్కా చెయ్యి. పేరు పెట్టి పిలిచింది. అరటిచెట్టు మొదట్లో సీసా.

తోక దగ్గర ఆగుతాడనుకున్నాను. ఆగలేదు.

"నన్ను దేవుడు తీసుకున్నాడు. వాణ్ణి నది తీసుకుంది."

"స్తోత్రం," అంది కుంజేలి అమ్మచ్చి.

రాహేలు గోడ దగ్గరనుంచి వచ్చింది. ముసలమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుని తెల్లబట్ట ఆమె ఒళ్ళో పెట్టింది.

"మీ రవిక అమ్మచ్చీ. అయిపోయింది."

"అమ్మయ్య. ఇంక పోవచ్చు నేను." వేళ్ళు బట్ట మీద పాకాయి. మెడ, చేతులు, అంచు. లోపలి వైపు, ఎడమ పక్కన, ఒకచోట ఆగాయి. "ఇదేంటి మోళే? గుండె దగ్గర అతుకు వేశావు? కొత్త గుడ్డకి అతుకెందుకు? గుండీ కూడా ఉందే."

"చొక్కా చేతి పట్టీ అమ్మచ్చీ. ఆరోజు ఇచ్చాయన్ పిడికిలిలో ఉంది. ఇట్టూప్ చొక్కాది. వాడు దొంగిలించలేదు. నేను కుట్టిచ్చాను. తాగుడు మానేసి, ఆ ఆదివారం మీ దగ్గరికి వస్తున్నాడు."

పొయ్యి మీద పెసలు పొంగి నిప్పుల్లో పడిన చప్పుడు.

"కుడి చెయ్యి," అంది కుంజేలి అమ్మచ్చి. "కుడి చేతికి పట్టీ లేదు. నేనే కడిగాను వాణ్ణి. దొంగతనంగా లాగుతుంటే చిరిగిందన్నారు."

రాహేలు తల నేలకు ఆనించింది. "క్షమించండి అమ్మచ్చీ. పదకొండేళ్ళు దాచాను. ఇచ్చాయన్‌కి ఏమీ తెలియదు. దూత అనే నమ్మాడు. ఆయన్ని ఏమీ అనకండి. తప్పు నాది."

పాస్టర్ నా వైపు చూసి రెండు వేళ్ళు కత్తెరలా ఆడించారు. మైకు ఆపమని. నా చెయ్యి మీట మీదే ఉంది.

"తంకచ్చా," అంది ముసలమ్మ. ఆమె మొహం అతని వైపు లేదు, అతని ఊపిరి వినబడుతున్న వైపు ఉంది. "దూత నిన్ను పేరు పెట్టి పిలిచాడంటావు కదా. ప్రతిసారీ వింటాను. ఏ పేరని ఎప్పుడూ చెప్పవేం? సంఘం పుస్తకంలో నీ పేరు యోహన్నాన్. దూతకు తెలిసేది అదే కదా. యోహన్నాన్ అన్నాడా?"

తంకచ్చన్ మైకును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"చెప్పు మోనే."

"కల్లుముంతా అన్నాడు," అన్నాడు తంకచ్చన్.

ఊళ్ళో ఆ పేరుతో ఆయన్ని పిలిచినవాడు ఒక్కడే, ఇట్టూప్. పిలిస్తే ఊరుకున్నదీ ఆ ఒక్కణ్ణే.

"'ఒరే కల్లుముంతా, నా చెయ్యి వదలకు' అన్నాడు."

రాహేలు నేల మీదినుంచి తల ఎత్తింది. ఆమె మొహం అంత ఖాళీగా ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు.

"తెలుసా మీకు?" అంది. "మొదటి నుంచీ తెలుసా? మరి నేను ఎవరి కోసం దాచాను ఇచ్చాయా?"

పాస్టర్ వేళ్ళు మళ్ళీ కత్తెర ఆడించాయి, ఈసారి గట్టిగా. రోడ్డు మీద సైకిలు మీద పోతున్న ఇద్దరు కాలు కింద పెట్టి ఆగారు. నదికి అవతల గట్టు మీద బట్టలు ఉతుకుతున్న ఆడమనిషి చేతిలో బట్ట పట్టుకుని అలాగే నిలబడింది. ఈ ముప్ఫై ఏళ్ళలో పాస్టర్ ఆపమంటే నేను ఆపని రోజు లేదు.

ఆపలేదు.

కుంజేలి అమ్మచ్చి బొటనవేలు ఆ నీలం గుండీ మీద మెల్లగా, పసివాడి నుదురు రాసినట్టు, తిరుగుతూనే ఉంది.

"వదలకు అన్నాడన్నమాట," అంది. గొంతులో కోపం లేదు. అందుకే వినడానికి భయమేసింది. "వాడు ఒక చేత్తో నీ జుట్టు పట్టుకున్నాడు. ఇంకో చెయ్యి నువ్వు పట్టుకున్నావు. నువ్వు కొమ్మ మీదికి చేరావు. ఈ ముక్క నీ పిడికిట్లో ఉండిపోయింది. మరి ఎవరు ముందు వదిలారు మోనే? వాడా? నువ్వా?"

తంకచ్చన్ రెండు చేతులూ పైకి లేచాయి. మైకుతో సహా. తల మీద పెట్టుకున్నాడు, అక్కడ ఇంకా ఎవరి చెయ్యో ఉన్నట్టు, దాన్ని పట్టుకున్నట్టు.

మైకు ఆయన జుట్టుకు రాసుకుంటూ గరగరమంది. ఆ గరగర నది దాటి వెళ్ళింది. ఎదుటి గట్టుకు తగిలి తిరిగి వచ్చింది. అది పూర్తిగా ఆగేదాకా ఆగి, ఆయన మైకును నోటి దగ్గరికి దించుకున్నాడు.